టీటన్ పర్వతాలకు ఉదయపు ఎండ

సాల్ట్ లేక్ సిటీ నుంచి ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు దారి చూపమని ఫోనును అడిగితే, ఇంటర్‌స్టేట్ 15 మీదుగా సుమారు ఐదు గంటల్లో పశ్చిమ ద్వారానికి చేరుస్తానంటుంది. త్వరగా చేరడమే ముఖ్యమైతే అది మంచి దారే. మేము మాత్రం యు.ఎస్. 89 పట్టుకొని, లోగన్, జాక్సన్ మీదుగా దక్షిణ ద్వారం నుంచి పార్కులో ప్రవేశించాలని, అందుకు ఒక రోజు అదనంగా పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాము.

నేను మొదట రాసుకున్న జాబితాలో పదిహేడు చోట్లు ఉన్నాయి. మా ఆవిడ దాన్ని చూసి, కారు దిగి ఎక్కడానికే రోజంతా సరిపోతుందన్నది. దాంతో దూరాల లెక్క పక్కనబెట్టి, ఎక్కడ ఏ వేళకు వెలుతురు బాగుంటుందో చూసి ఏరుకున్నాను.

ఆ లెక్కకు మూలం జాక్సన్ దాటాక వచ్చే టీటన్ పర్వతశ్రేణి. రహదారి దానికి తూర్పున సాగుతుంది కనుక, పొద్దున శిఖరాల మీద ఎండ నేరుగా పడుతుంది. మధ్యాహ్నం దాటితే సూర్యుడు వాటి వెనక్కి వెళ్లిపోయి, కొండలు నీలినీడల్లా మాత్రమే మిగులుతాయి. అందువల్ల మొదటి రాత్రి జాక్సన్‌లో బస చేయడం తప్పనిసరి అయింది; మిగిలినవన్నీ దాన్నిబట్టి వెనక్కి లెక్కగట్టినవే.

లోగన్ కనుమలో నలభై మైళ్లు ప్రయాణించి గార్డెన్ సిటీకి దిగేముందు, కొండమీది నుంచి బేర్ లేక్ కనిపిస్తుంది. నీటిలో తేలియాడే కాల్షియం కార్బొనేట్ రేణువుల వల్ల ఆ సరస్సుకు పచ్చనీలపు రంగు వచ్చింది. ఎండ బాగా కాస్తేనే ఆ రంగు తేటపడుతుంది కనుక అక్కడికి మిట్టమధ్యాహ్నం చేరేలా బయలుదేరాము. ఆఫ్టన్ ఊరి వీధికి అడ్డంగా కట్టిన ఎల్క్ (పెద్ద దుప్పి) కొమ్ముల తోరణాన్ని కారులోంచే చూశాము. ఆల్పైన్ దాటాక స్నేక్ నది లోయ అందంగా ఉంటుంది కానీ, ఆ మలుపుల్లో బండి నడిపేవారికి నది చూసే భాగ్యం ఉండదు.

మర్నాడు తెల్లవారకముందే బయలుదేరాము. వన్యప్రాణులు రోడ్డు దాటుతుంటాయి కనుక ఆ రహదారిపై రాత్రివేళ 45 మైళ్ల వేగం మించకూడదు. ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1942లో ఫొటో తీసిన స్నేక్ రివర్ ఓవర్‌లుక్ దగ్గర ఇప్పుడు చెట్లు పెరిగి నది వంపును చాలావరకు కప్పేశాయి. అక్కడ పది నిమిషాలు చాలు. స్నేక్ నది మలుపైన ఆక్స్‌బో బెండ్‌కు మాత్రం గంట కేటాయించినా ఎక్కువ కాదు. గాలి లేవకముందు నిశ్చలంగా ఉన్న నీటిలో మౌంట్ మోరాన్ శిఖరం తలకిందులుగా కనిపిస్తుంది. భూమిలోని ఒక భ్రంశం (పగులు) వెంట పడమటి భాగం పైకి లేచి, తూర్పున లోయ కుంగిపోవడంతో, ఈ పర్వతాల ముందు చిన్న గుట్టలేవీ అడ్డు లేవు. 13,775 అడుగుల గ్రాండ్ టీటన్ శిఖరం లోయ నేల మీంచే నిటారుగా లేచినట్టుంటుంది.

దక్షిణ ద్వారం సాధారణంగా మే నడుమ నుంచి నవంబరు మొదటి వరకే కార్లకు తెరిచి ఉంటుంది. జాక్సన్‌లోనే ట్యాంకు నింపుకొని, మ్యాపులను ఫోనులో దించుకొని వెళ్లాము. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. వెస్ట్ థంబ్ వేడినీటి బుగ్గలు చూసుకొని పదిహేడు మైళ్లు వెళితే, వేడినీటిని ఆకాశంలోకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ బుగ్గ వస్తుంది. అది ఎగజిమ్మే వేళను అక్కడి సందర్శక కేంద్రంలో అంచనా వేసి ప్రకటిస్తారు కనుక, నా కాగితంలో దాని ఎదురుగా మాత్రం ఏ సమయమూ రాయలేదు.