అరకులో అరెకరం

కార్తీకమాసంలో శనివారం రాత్రికి అరకులో గది అద్దె నాలుగున్నర వేలు. గీజరు ఉంది గానీ పనిచేయదు. వేడినీళ్లు బకెట్‌కి యాభై, అదీ పొద్దున్న ఎనిమిదిలోపు అడిగితేనే. మంచం పక్క గోడంతా చెమ్మ. ఇదే గది వేసవిలో పన్నెండు వందలకి ఇస్తామని కౌంటర్ దగ్గర కుర్రాడే చెప్పాడు. మరి ఇప్పుడెందుకింత అంటే, "సీజన్ కద సార్" అని బయట బారులు తీరిన కార్లని చూపించాడు. బొంగులో చికెన్ పొగ, వనభోజనాల వాళ్ల డీజే మోత, టీ కావాలన్నా క్యూ. చల్లగాలి కోసం వచ్చి డీజిల్ వాసన పీల్చుకున్నాం.

నాకు కడుపు మండుతుంటే మా బావమరిది కళ్లు మాత్రం మెరిశాయి. ఇలాంటి గదికే ఇంత వస్తోందంటే స్థలం కొని కాటేజీలు వేసినవాడికి ఎంత మిగులుతుందోనని వాడి లెక్క. అసలు ఈ ప్రయాణం పెట్టించిందే వాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెడనొప్పి, ఫ్లాట్ ఈఎంఐ. ఇంకో పదేళ్లలో అన్నీ వదిలేసి కొండల మధ్య పెంకుటిల్లు, వరండాలో కాఫీ, చుట్టూ మిరియాల తీగలు అని కలలు కంటున్నాడు. నేను గుంటూరు జిల్లాలో రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరయ్యాను కాబట్టి, కాగితాలు చూడ్డానికని నన్ను వెంటబెట్టుకొచ్చాడు.

కిరండూల్ రైలు ప్రయాణం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. అద్దాల బోగీ టికెట్లు దొరకలేదు, జనరల్‌లో కిటికీ కోసం తోపులాట, బొర్రాలో సగం బోగీ ఖాళీ అయ్యాక కాస్త ఊపిరి. అంతే.

ఆదివారం పొద్దున్న టీ కొట్టు దగ్గర బావమరిది ఊరికే "ఇక్కడ స్థలాలెలా ఉన్నాయి?" అన్నాడో లేదో, పక్కనే నిలబడి టీ తాగుతున్నాయన గ్లాసు కింద పెట్టేశాడు. ఎస్.కోట మనిషట. ఆటో పిలిచాడు, మమ్మల్ని వెనక కూర్చోబెట్టి తను డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు, చాపరాయి వైపు బయల్దేరదీశాడు. దారి పొడుగునా ఇది ఫలానా డాక్టర్‌గారిది, అది ఫలానా కాంట్రాక్టర్‌ది అని చెయ్యి చూపిస్తూనే ఉన్నాడు. చూపించిన ప్రతిదాని రేటూ పోయిన ఏడాదికి ఈ ఏడాదికి రెట్టింపయిందట. 2014లో రాజధాని తుళ్లూరు వైపని తేలాక మా ఆఫీసు చెట్టు కింద ఇలాంటి వాళ్లనే చూశాను. నిన్నటిదాకా పురుగుమందులు అమ్మినవాడు, ట్యూషన్లు చెప్పినవాడు, అందరి చేతుల్లోనూ ఒక ఫైలూ రెండు ఫోన్లూ. కాకపోతే అక్కడ అమ్మడానికి భూమైనా ఉండేది.

మధ్యలో వలిసె పూల చేను దగ్గర ఆటో ఆగింది. కొండ మొదటిదాకా పచ్చటి పసుపు. చేను గట్టు మీద తాడు కట్టి పదేళ్ల పిల్ల కూర్చుంది. లోపలికెళ్లి ఫోటో దిగాలంటే మనిషికి ఇరవై. బావమరిది అరవై ఇచ్చి బ్రోకర్‌తో సహా దిగాడు. పిల్ల నోట్లు మడిచి గౌను జేబులో పెట్టుకుని తాడు దించింది, మేం వచ్చాక మళ్లీ కట్టేసింది. ఆ రోజు అరకులో భూమి మీద నేను చూసిన నిఖార్సయిన బేరం అదొక్కటే.

చూపించిన స్థలం మాత్రం బాగుందనే చెప్పాలి. ఎదురుగా గాలికొండ వరస, పక్కనే గెడ్డ, అంటే వాగు. అరెకరం ముప్పై ఐదు లక్షలన్నాడు. బావమరిది అప్పటికే వరండా ఎటు తిప్పాలో చూసుకుంటున్నాడు. నేను ఒక్కటే అడిగాను, "1/70 సంగతేంటి?"

"అది పేపర్లో ఉంటాది సార్. పట్టా గిరిజనుడి పేరు మీదే ఉంటాది, మనం స్టాంపు పేపర్ల మీద రాసుకుని నోటరీ చేయించేస్తాం. కావాలంటే తొంభై తొమ్మిదేళ్ల లీజు."

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో పళ్లు పెట్టి 1/70 చేశారు. గిరిజనుడి దగ్గర మనం కొనకూడదన్నదే కాదు, అక్కడున్న గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. భూమి చేతులు మారితే గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో మాత్రమే. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అతనిదే. బదలాయింపంటే అమ్మకమొక్కటే కాదు. లీజు, తనఖా, దానం, చివరికి వాటి కోసం రాసుకునే ఒప్పందం కూడా అందులోకే వస్తుంది. అంటే బ్రోకర్ చెప్పిన రెండు దారులూ ఒకే గోతిలోకి. ముందురోజు రైల్లో దాటొచ్చిన బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీదే, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు నడిచింది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటువాళ్లకి గనుల లీజుకివ్వడానికి వీల్లేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారుకే దిక్కులేని చోట నోటరీ సంతకం ఏం నిలబెడుతుంది?

ఇదంతా చెప్తే బ్రోకర్ నొచ్చుకోలేదు. "అయితే అవన్నీ ఎలా లేచాయి సార్?" అని రోడ్డవతల రిసార్టు చూపించి, నమ్మకం కుదరడానికి మమ్మల్ని అక్కడికే తీసుకెళ్లాడు.

గేటు దగ్గర వాచ్‌మన్, యాభై దాటిన మనిషి. రిసార్టు పేరు కుట్టిన కోటు ఒంటికి రెండు సైజులు పెద్దది, చేతులు మడిచి తొడుక్కున్నాడు. ఓనర్లు విశాఖలో ఉంటారట. బావమరిది గోడకున్న కరెంటు మీటర్ పక్కన గుచ్చిన బిల్లు చూసి, దానిమీద పేరు చదివి "ఈయనేనా ఓనరు?" అన్నాడు.

"నానే బాబు," అన్నాడు వాచ్‌మన్.

అలవాటు కొద్దీ నేను బిల్లు మళ్లీ చదివాను. అవును, ఇంటిపేరుతో సహా ఆయనదే. కాగితాల మీద ఆ కాటేజీలు, ఊయల, పూలకుండీలు అన్నీ ఆయనవే. జీతం నెలకి తొమ్మిది వేలు, భోజనం. లోపల గది అద్దె ఆ రాత్రికి ఆరు వేలు. పెద్దకూతురు జబ్బుకి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ చుట్టూ తిరిగినప్పుడు చేసిన అప్పుకి ఈ భూమి రాసిచ్చాడట. పాస్‌బుక్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. పైన కొండవాలులో సిల్వర్ ఓక్ చెట్ల కింద కాస్త కాఫీ, మిరియాలు ఇంకా ఉన్నాయట. అది పోడు పట్టా, అమ్మడానికి లేదు, పిల్లలకే పోతుంది. "అదీ అడిగారు బాబు. కాఫీకి రేటు బాగుంది, ఎందుకిస్తాం?" అన్నాడు. పండ్లు కోయడానికి ఇంట్లోవాళ్లంతా పైకెళ్లారట.

భూమి ఆయనది కాకుండా పోకూడదనే ఆ చట్టం చేశారు. పోలేదు మరి, బిల్లు మీద అలాగే ఉంది. ఉద్యోగంలో ఉండగా బినామీ దస్తావేజులు ఎన్నో చూశాను గానీ, బినామీదారు గేటు తీసి నమస్కారం పెట్టడం ఇదే చూడటం. చట్టం ఉంది కాబట్టే ఎప్పుడైనా ఫిర్యాదు చేస్తే ఆయన గెలవచ్చు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. బ్రోకర్ ఎదురుగా అన్నందుకో ఏమో, ఆయన రిజిస్టర్ నా ముందుకు తోసి "పేరు రాయండి బాబు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బ్రోకర్ ఆటో డబ్బులు కూడా మాచేతే ఇప్పించాడు, ఆరు వందలు. మధ్యాహ్నం ఊళ్లో బొంగులో చికెన్ తిన్నాం. బొంగు తూకానికి డబ్బులు కట్టినట్టుంది గానీ చికెన్‌కి కాదు. సోమవారం పొద్దున్నకి కార్లన్నీ పోయి ఊరు తేలికపడింది. పొగమంచులో గొంగళ్లు కప్పుకుని బడికి పోయే పిల్లలు కనిపించారు. అప్పుడనిపించింది, ఉంటే ఇక్కడ సోమవారాలు ఉండాలని. సరిగ్గా అప్పుడే కౌంటర్ కుర్రాడు ఇంకో పూట ఉంటే పదిహేను వందలకే ఇస్తానన్నాడు.

బస్సులో ఘాట్ దిగినంతసేపూ బావమరిది మాట్లాడలేదు. పాపం, వాచ్‌మన్ గురించే ఆలోచిస్తున్నాడనుకున్నాను. ఎస్.కోటలో బస్సు ఆగింది. రోడ్డు పక్కన వెంచర్ బోర్డు, పచ్చటి కొండల బొమ్మ, కింద ఫోన్ నంబరు.

"ఇక్కడ 1/70 ఉండదు కద బావా?"

"ఈ ఊళ్లో లేదు."

"కొండ ఇక్కణ్ణుంచీ కనిపిస్తోందిగా," అంటూ నంబరు కొట్టడం మొదలుపెట్టాడు.