చదవడానికి వీల్లేని అక్షరాలు

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఇరవై రెండేళ్ళు బోర్డులు రాశాను. రేకు మీద సుద్దదారం కొట్టి, ఎనామిల్ ఎరుపుతో అక్షరాలు దిద్ది, దానికి పసుపు అంచు, అంచు పక్కన నల్ల నీడ. కదిలే బస్సులో కూర్చున్నవాడికి కూడా కొట్టు పేరు తెలియాలి. మా పరీక్ష అదొక్కటే. ఫ్లెక్సు వచ్చింది, రెండేళ్ళలో ఆ పని పోయింది.

అందుకే మా అమ్మాయి ఆధునిక చిత్రకళ కథ చెబుతూ, 1839లో పారిస్‌లో కెమెరా సంగతి బయటపెట్టారని చెబితే, మిగతాది తను చెప్పక్కర్లేకపోయింది. ముఖాలు గీసి బతికేవాళ్ళ కడుపు మీద కొట్టారన్నమాట.

"కెమెరా ఒక్కటే కాదు నాన్నా, 1841లో రంగుల ట్యూబు కూడా వచ్చింది" అంది. ట్యూబు జేబులో వేసుకుని ఆరుబయట కూర్చుని గీయొచ్చు. 1874లో మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు తన సూర్యోదయం బొమ్మని ప్రదర్శనకు పెడితే నవ్వారట. నాకూ మొదట ఫస్ట్ కోటు కొట్టి భోజనానికి లేచిపోయినట్టే కనిపించింది. కానీ నీళ్ళ మీద ఆ నారింజ గీతలు కెమెరాకి రావు. ఆ రోజుల్లో కెమెరాకి అసలు రంగే లేదు.

రష్యా చిత్రకారుడు మాలెవిచ్ గీసిన ఉత్త నల్ల చదరం బొమ్మతో మాత్రం ఇబ్బంది పడ్డాను. చీమకుర్తి గెలాక్సీ నల్ల గ్రానైటు పలకలో కనీసం మెరుపు చుక్కలన్నా ఉంటాయి! 1915లో పెట్రోగ్రాడ్‌లో దాన్ని గది మూలన, పైన, రష్యావాళ్ళు దేవుడి పటం పెట్టుకునే చోట తగిలించాడట. ఫోన్‌లో పెద్దది చేసి చూశాను, అంతా పగుళ్ళు. కింద వేరే రంగులున్నాయి, సరిగా ఆరకుండా పైన కొట్టాడు అన్నాను. ఎక్స్‌రే తీస్తే కింద రంగుల బొమ్మలు నిజంగానే బయటపడ్డాయని అమ్మాయి చెప్పాక, ఆ పూట నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

1917లో డుషాంప్ అనే కళాకారుడు మూత్రశాల తొట్టి కొనుక్కొచ్చి, ఎవరిదో పేరుతో సంతకం పెట్టి కళ అన్నాడు. బోర్డంతా మేం రాసి, కింద మూలలో మా పేరు చీమంత వేసుకునేవాళ్ళం. ఆయన చేసింది ఆ చీమంత పనే. ఇది నాకు ఇంకా మింగుడుపడలేదు.

పోయిన నెల పినాకిని ఎక్కి మద్రాసు వెళ్ళాం. సముద్రపు ఒడ్డున చోళమండల్ ఉంది. బాతిక్ గుడ్డలు అమ్మిన డబ్బుతో స్థలం కొనుక్కుని 1966లో చిత్రకారులే కట్టుకున్న ఊరు. వాళ్ళకు పెద్దదిక్కు కె.సి.ఎస్. పణిక్కర్. 1963 నుంచి ఆయన వేసిన బొమ్మల్లో ఎక్కడ చూసినా రాతే. మలయాళం లిపిలా ఉంటుంది, పక్కన గళ్ళు, గుర్తులు, జాతకచక్రం లాంటివి. అమ్మాయికి మలయాళం కొంచెం వచ్చు. "చదువమ్మా" అన్నాను. "చదవడానికి కాదు నాన్నా" అంది.

అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. అక్షరం వంకర పోతే పోయింది, పక్కదాన్ని ఆనుకుంటే ఆనుకుంది. ఏ కొట్టు పేరూ మోయక్కర్లేదు దానికి.

ఇంటికొచ్చి, దొడ్లో పడున్న పాత రేకు కడిగి కుంచె పట్టాను. ఎవరూ చదవక్కర్లేని 'అ' ఒకటి రాద్దామని. నాలుగుసార్లు తుడిచి రాశాను. నాలుగుసార్లూ రోడ్డు అవతలి నుంచి కూడా చక్కగా చదవొచ్చు.