తప్పు దిద్దడం ఇంట్లో వేరు, స్కూల్లో వేరు

మా అమ్మాయి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, దాని డాక్యుమెంటేషన్‌లో (ఎలా వాడాలో వివరించే పేజీల్లో) ఒకే మాట పక్కపక్కనే రెండుసార్లు పడటం చూసి "నాన్నా, ఇది నేను సరిచేస్తా" అంది. అచ్చయిందంటే కరెక్టే అన్న నమ్మకంతో పెరిగిన తరం నాది, అర్థం కాకపోతే లోపం మనదే అనుకునేవాళ్ళం. ఈ పిల్లలకి స్కూల్లో టీచర్నయినా ప్రశ్నించమంటారు, ఇంటికొస్తే పెద్దవాళ్ళ తప్పులు ఎత్తిచూపకు అని మనం అంటాం. పాపం, అయితే మొహం మీద అనేస్తారు, లేదంటే మనసులోనే పెట్టుకుంటారు.

ఇక్కడ ఆ రెండూ కుదరవు. పైథాన్ డాక్యుమెంటేషన్ మూలం కోడ్‌తో పాటే ఉంటుంది, 2017 నుంచి గిట్‌హబ్‌లో, అంటే ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకుని కలిసి పనిచేసే సైట్‌లో. చిన్న అచ్చుతప్పయితే ముందు ఇష్యూ (ఫిర్యాదు లాంటిది) తెరవక్కర్లేదు, నేరుగా పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చుకోండి అన్న అభ్యర్థన) పంపొచ్చు, కాకపోతే మొదటిసారి పంపేవాళ్ళు కాంట్రిబ్యూటర్ ఒప్పందం (మనం పంపినదాన్ని వాళ్ళు వాడుకోవచ్చు అన్న పత్రం) మీద సంతకం చేయాలి (పిల్లలైతే అది మనం పక్కన కూర్చుని చదవాల్సిందే). తప్పుంది అని చెప్పి వదిలేస్తే సరిపోదు, దిద్దిన వాక్యం కూడా మనమే ఇవ్వాలి. మనం చదివేది ఎక్కువగా విడుదలైన వెర్షన్ పేజీ కాబట్టి, మెయిన్ బ్రాంచ్‌లో, అంటే ఇంకా పని జరుగుతున్న తాజా ప్రతిలో, ఎవరైనా ఇప్పటికే సరిచేశారేమో ముందే చూసుకోవాలి.

పుల్ రిక్వెస్ట్ వివరణలో మా అమ్మాయి ఒక్క లైను రాసింది. నేనైతే "క్షమించండి, నాకు సరిగ్గా తెలియకపోవచ్చు" అంటూ మొదలుపెట్టేవాణ్ణి. "ఎందుకు నాన్నా, వాళ్ళకి చదవడానికి టైం దండగ" అంది. సరేలే అనుకున్నా. తీరా రివ్యూ చేసినాయన "టైటిల్ స్పష్టంగా మార్చండి" అని ముక్తసరిగా రాసేసరికి, అంత ధైర్యంగా మాట్లాడిన పిల్ల సాయంత్రమంతా "ఆయనకి కోపమొచ్చిందా" అని ఒకటే టెన్షన్! మొహమాటం మన ఇంటి నుంచి బాగానే అబ్బింది. ఆయన అన్నది టైటిల్‌ని, నిన్ను కాదు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఇలాంటి దిద్దుబాట్లు ఎన్ని చేయించొచ్చు అని అడిగే తల్లిదండ్రులతో మాత్రం నాకు పడదు. ఇలాంటి ప్రాజెక్టులకి మార్పులు పంపమని ప్రోత్సహిస్తూ ఏటా అక్టోబర్‌లో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్ట్ కోసం జనం పనికిమాలిన మార్పులు కుప్పలుగా పంపితే, ప్రాజెక్టులు ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు అక్టోబర్ మొదటి వారంలోనే రూల్ మార్చాల్సి వచ్చింది. చదువుతుంటే కంటపడిన తప్పు దిద్దడం బాగుంటుంది, లెక్క కోసం వెతుక్కుంటూ పోతే అవతల ఖాళీ టైంలో చూసేవాళ్ళకి అదనపు చాకిరీ.

ఇంకోటి, గిట్‌హబ్ ఖాతాకి కనీసం 13 ఏళ్ళుండాలి. కమిట్‌లో (సేవ్ చేసిన ప్రతి మార్పు రికార్డులో) ఈమెయిల్ అందరికీ కనిపిస్తుంది, సెట్టింగ్స్‌లో దాన్ని దాచే ఆప్షన్ ఉంది, మొదటి కమిట్‌కి ముందే పెట్టించండి.