అమ్మమ్మ గాలి అంది, డాక్టరమ్మ యాంటీబాడీ అన్నారు

నేను జబ్బుపడ్డ ఆ నెల గురించి చెప్పేదంతా అమ్మ, అన్నయ్య చెప్పగా విన్నదే. నాకు గుర్తున్నది తలనొప్పి, కొద్దిపాటి జ్వరం, అంతే. తర్వాత నిద్ర మానేశానట. పక్కింటివాళ్లు నా ఫోన్‌లో మాటలు వింటున్నారని సిమ్ తీసి బియ్యం డబ్బాలో దాచానట. రాత్రంతా ఏదో నములుతున్నట్టు నోరు ఆడిస్తుంటే, అమ్మమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆవిడని ఏమీ అనను. మొదట చూపించిన ఆసుపత్రివాళ్లు ఆఫీసు టెన్షన్ అని నిద్రమాత్రలు రాసి పంపేశారు మరి.

ఫిట్స్ వచ్చాక గుంటూరు నుంచి హైదరాబాద్ తీసుకెళ్లారు. ఎమ్మారైలో ఏమీ లేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపితే యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. అంటే రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలే మన మెదడు మీద పడే జబ్బు. జోసెప్ డాల్మౌ అనే నరాల డాక్టరు బృందం ఈ జబ్బు మూలం పట్టుకున్నది 2007లో. అంతకుముందు నాలాంటి ఆడపిల్లలు ఎంతమంది పిచ్చాసుపత్రుల్లో ఉండిపోయారో!

ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అనేది మెదడు కణాలు కలిసే చోట ఉండే ప్రోటీన్. ఒక కణం వదిలిన గ్లూటమేట్ అనే రసాయనం వచ్చి దానికి తగలాలి, సరిగ్గా అప్పుడే రెండో కణం కూడా చురుగ్గా ఉండాలి. రెండూ కుదిరితేనే ఆ ప్రోటీన్ దారిలో అడ్డుగా ఉన్న మెగ్నీషియం తొలగి కాల్షియం లోపలికి పోతుంది. కొత్త విషయం మనసులో నిలవడం అక్కడ మొదలవుతుంది. నా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఈ ప్రోటీన్లను ఒకదానికొకటి అతికించేశాయి, కణం వాటిని లోపలికి లాగేసుకుంది. అల్జీమర్స్‌లో కణాలే చచ్చిపోతాయి. నావి బతికే ఉన్నాయి, పైన ఉండాల్సిన ప్రోటీన్ లేదంతే. యాంటీబాడీలు పోతే అది మళ్లీ వస్తుందన్నారు.

కారణం అండాశయంలో ఉన్న టెరటోమా గడ్డ. ఇలాంటి గడ్డల్లో వెంట్రుకలు, పళ్లు, మెదడు కణజాలం కూడా ఉండొచ్చట. దాని మీదకు లేచిన యాంటీబాడీలే నా మెదడు మీదా పడ్డాయి. "కడుపులో పళ్లా? నేను గాలి అంటే నవ్వారుగా!" అంది అమ్మమ్మ.

గడ్డ తీసేశారు. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. ఆ సీసాల బిల్లుకు అన్నయ్య బైకు పోయింది.

మాట ముందు వచ్చింది, జ్ఞాపకం వెనకబడింది. అన్నం తిని చెయ్యి కడుక్కుని "ఇంకా పెట్టవా?" అని అమ్మని అడిగేదాన్ని. డాక్టరమ్మ గొడుగు, జామకాయ, రైలు, ఉప్పు, చిలుక అని చెప్పి కాసేపాగి అడిగేవారు. ఒక్కటీ గుర్తొచ్చేది కాదు. కర్టెన్, ఫ్యాన్, బకెట్ అని గదిలో కనిపించినవే ధీమాగా చెప్పేదాన్నట! ఒకరోజు జామకాయ అన్నాను. అమ్మ సాయంత్రానికి కిలో జామకాయలు తెచ్చింది.

ఆ నెల ఎప్పటికైనా గుర్తొస్తుందా అని అడిగాను. "దాచుకున్నదే లేనప్పుడు వెతికితే ఏం దొరుకుతుందమ్మా" అన్నారు డాక్టరమ్మ. ఈ జబ్బు మీద 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు 81 శాతం మంది బాగా కోలుకున్నారు, 12 శాతం మందికి తిరగబెట్టింది. అందుకే చెకప్‌లు మానలేదు.

ఉద్యోగంలో మళ్లీ చేరాను. లెక్కలు పర్వాలేదు. మీటింగులో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాత్రం అందదు. ఒక్కొక్కరు చెప్పండి అంటాను, చెబుతారు.