హక్ ఇంటి గుమ్మం దగ్గర

సెయింట్ లూయిస్‌లో మా అమ్మాయి వాళ్ల దగ్గరికి వచ్చి నెల కావస్తున్నా నేను నోరు తెరిచి అడిగిన ఊరు ఒక్కటే, హానిబల్. అల్లుడు నయాగరాకి టికెట్లు చూస్తానన్నాడు. "నీళ్లు పైనుంచి కిందికి పడటం చూడ్డానికి అంత దూరం ఎందుకు బాబూ, రెండు గంటల్లో మార్క్ ట్వేన్ ఊరు పెట్టుకుని" అన్నాను. మనవరాలికీ కలిసొచ్చింది. వాళ్ల స్కూల్లో ఆయన నవల 'హకల్‌బెరీ ఫిన్' పాఠం నడుస్తోంది. అందులో ఇండివిడ్యువలిజం గురించి సోమవారానికల్లా వ్యాసం రాసివ్వాలట.

61వ నంబరు రోడ్డు ఎక్కగానే మొదలుపెట్టింది. "నా పాయింట్ ఏంటంటే తాతయ్యా, హక్ ఎవరి మాటా వినడు. సొసైటీని కేర్ చెయ్యడు. అదే కదా ఇండివిడ్యువలిజం."

"అందరి మాటా వింటాడే వాడు! వినబట్టే అంత యాతన పడ్డాడు" అన్నాను.

"మీరు చదివింది తెలుగులో కదా, అందుకేమో" అని నవ్వింది.

తెలుగులోనే చదివాను, నిజమే. నండూరి రామమోహనరావు గారి అనువాదం. టామ్ సాయర్, హక్, రాజు-పేద, అన్నీ ఆయన చలవే. మా ఊరి గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు తెచ్చుకున్నానో లెక్కలేదు. అప్పట్లో మిసిసిపీ అంటే నా మనసులో మా ఊరి కృష్ణా కాలవే, కాకపోతే కాస్త వెడల్పు. తెప్ప అంటే అరటి బోదెలతో మేం కట్టుకున్న తెప్ప. అందుకే హానిబల్‌లో కారు దిగి నదీ తీరానికి నడిచి, ఆవలి గట్టు అంత దూరాన సన్నటి ఆకుపచ్చ గీతలా కనిపించేసరికి కాసేపు మాట రాలేదు. ఆ గీత ఇల్లినాయ్. ఇటు మిజౌరీ బానిసల రాష్ట్రం, అటు ఇల్లినాయ్ స్వేచ్ఛా రాష్ట్రం. అలాగని నది దాటితే గండం గడిచినట్టు కాదు. పారిపోయి వచ్చినవాణ్ణి అక్కడా పట్టి అప్పగించాల్సిందే, చట్టం అలా ఉండేది.

శామ్యూల్ క్లెమెన్స్, అంటే మన మార్క్ ట్వేనే, నాలుగేళ్ల వయసులో, 1839లో, ఈ ఊరొచ్చాడు. 1853లో వెళ్లిపోయాడు. ఆ పద్నాలుగేళ్ల మీద ఊరు ఇప్పటికీ బతుకుతోంది. ఎటు చూసినా ట్వేన్ పేరే: హోటలుకి, పడవకి, ఐస్‌క్రీమ్‌కి. హిల్ స్ట్రీట్‌లో వాళ్ల తెల్లటి ఇల్లు, పక్కన, ట్వేన్ మరో నవల్లో హీరో టామ్ సాయర్ స్నేహితుల చేత సున్నం కొట్టించిన కంచె. ఆ కంచె ముందు బ్రష్షు పట్టుకుని ఫొటో దిగడానికి లైను. అల్లుడు నన్నూ నిలబెట్టి ఒకటి తీశాడు. ఊరి బయట, టామ్, బెకీ దారి తప్పిన గుహకి కూడా వెళ్లాం. లోపల ఏడాది పొడుగునా 11 డిగ్రీలేనని బోర్డు ఉంది. అది చదివి కూడా స్వెటర్ కార్లో వదిలేసి వెళ్లిన మేధావిని నేను. గంటసేపు పళ్లు టకటకలాడించుకుంటూ గైడు చెప్పిన దాంట్లో సగమే విన్నాను.

నేను అసలు చూడాలనుకున్నది ట్వేన్ ఇంటి వెనకవైపు ఉంది. రంగు వెయ్యని చెక్కలు, ఇరుకు గదులు. టామ్ బ్లాంకెన్‌షిప్ అనే కుర్రాడి ఇల్లు. పాతది ఎప్పుడో పడగొట్టేస్తే 2007లో మళ్లీ కట్టారు. తండ్రి తాగుబోతు. పిల్లాడికి బడి లేదు, సరైన తిండి లేదు, స్నానమన్న మాట లేదు. హక్‌ని ఉన్నదున్నట్టు ఇతన్ని చూసే రాశానని ట్వేన్ ఆత్మకథలో చెప్పాడు. ఊళ్లో పెద్దల్లోగానీ పిల్లల్లోగానీ నిజంగా స్వతంత్రుడంటే వాడొక్కడేననీ, అందుకే ఎప్పుడూ హాయిగా ఉండేవాడనీ, మిగతా పిల్లలంతా వాణ్ణి చూసి అసూయపడేవారనీ అన్నాడు.

"చూశారా, నేనన్నదే!" అంది మనవరాలు.

అక్కడితో ఆగిపోతే నువ్వన్నదే, అన్నాను. ఆ టామ్‌కి ఒక అన్న ఉండేవాడు, బెన్సన్. 1847లో అవతలి గట్టున లంకల్లో చేపలు పట్టుకుంటూ, పారిపోయి వచ్చి దాక్కున్న ఒక బానిసని చూశాడు. పట్టిస్తే 50 డాలర్లు. తిండికే గతిలేని ఇంటికి అదెంత డబ్బో ఊహించుకోవాలి. పట్టించలేదు సరికదా, వారాల తరబడి రహస్యంగా తిండి మోసుకెళ్లి ఇచ్చాడు. చివరికి వేరేవాళ్లు కనిపెట్టి తరిమితే ఆ మనిషి నీళ్లలో పడి చనిపోయాడు. అప్పటికి ట్వేన్‌కి పదకొండేళ్లు.

నవలలో 31వ అధ్యాయం ఇక్కడినుంచే పుట్టిందంటారు. హక్‌తో పాటు తెప్ప మీద వచ్చిన బానిస జిమ్‌ని, తోడొచ్చిన మోసగాళ్లు 40 డాలర్లకి అమ్మేస్తారు. హక్‌కి భయం పట్టుకుంటుంది. ఆ భయం జిమ్ గురించి కాదు, తన పాపం గురించి! వేరేవాళ్ల ఆస్తిని దొంగిలించడానికి సాయపడ్డాను, దేవుడు చూస్తున్నాడు అనుకుంటాడు. జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ అతని యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. రాయగానే కడిగిన ముత్యంలా అయిపోయినట్టు ఉంటుంది. పోస్టు చెయ్యబోతూ జిమ్ గుర్తొస్తాడు. తన వంతు కాపలా అయిపోయినా, పిల్లాణ్ణి నిద్ర లేపడం ఇష్టంలేక వాడి వంతు కూడా తనే కాసిన జిమ్. మంచులో తప్పిపోయి తిరిగొస్తే పొంగిపోయిన జిమ్. అప్పుడు, సరే అయితే, నరకానికే పోతాను అనుకుని ఉత్తరం చింపేస్తాడు.

"వాడికి తను చేసింది మంచిపని అని తెలీదమ్మడూ. పుస్తకం అయిపోయేదాకా తెలీదు. ఊరంతా కలిసి నేర్పిన పాపభయం వాడి లోపలే ఉంది. ఇక ఎవరి మాటా విననివాడు ఎలా అవుతాడు?"

నా ఊహ కాదిది. మంచి మనసుకీ వంకరపోయిన మనస్సాక్షికీ ఢీ, అందులో మనస్సాక్షి ఓడిపోతుంది, అని ట్వేనే 1895లో తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అమెరికావాళ్లు ఇండివిడ్యువలిజం అనగానే గుర్రమెక్కి ఒంటరిగా పోయేవాణ్ణి ఊహించుకుంటారు. హక్ ఒంటరివాడేం కాదు. పక్కన జిమ్ లేకపోతే ఆ చింపడం లేదు. మాటకొస్తే మొదటి నిర్ణయం జిమ్‌దే. తనని 800 డాలర్లకి న్యూ ఆర్లీన్స్‌కి అమ్మేస్తారని చాటుగా విని, ఎవర్నీ అడక్కుండా ఆ రాత్రే పారిపోయినవాడు అతను. వ్యాసాల్లో ఆ ఊసు తక్కువ.

పిల్ల ఊరుకునే రకం కాదు. "మరి చివర్లో? టామ్ సాయర్ రాగానే హక్ వాడు చెప్పిందల్లా చేస్తాడు. జిమ్‌ని ఊరికే ఇంటికి పంపెయ్యొచ్చు. బదులు వారాలపాటు పిచ్చి ఆటలు. జిమ్ ఓనర్, ఆ లేడీ, తన విల్లులో జిమ్‌కి ఎప్పుడో ఫ్రీడమ్ ఇచ్చేసిందని టామ్‌కి తెలుసు. అయినా చెప్పడు. హక్ ఎందుకు ఎదురు తిరగలేదు తాతయ్యా?"

జవాబు దొరకలేదు. ఒంటరిగా కూర్చుని నరకానికి సిద్ధపడ్డవాడు, బాగా చదువుకున్న స్నేహితుడి ముందు మాట పెగల్చలేకపోయాడు. ట్వేన్ అక్కడ కథ పాడుచేశాడని చాలామంది విమర్శకులు అన్నారు. నాకూ ఆ అధ్యాయాలు చిన్నప్పుడు నవ్వొచ్చాయిగానీ ఇప్పుడు విసుగే. అయినా ఆ లొంగుబాటు మాత్రం నిజమేననిపిస్తుంది. "నువ్వు రాయాల్సింది ఇదే" అన్నాను. "నాకు బి మైనస్ వస్తుంది" అంది.

లైట్‌హౌస్‌కి 244 మెట్లు. వాళ్లు ముగ్గురూ ఎక్కారు. నా మోకాళ్లు కొండ కింద టామ్, హక్ విగ్రహం దగ్గరే కూర్చోమన్నాయి. కాసేపటికి పిల్ల ఆయాసపడుతూ దిగొచ్చి పక్కన కూలబడింది.

"మీకెప్పుడైనా అలా అయిందా తాతయ్యా? హక్‌లాగా?"

చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పాను. నాకు ఎనిమిదేళ్లు. మా పాలేరు నన్ను భుజాల మీద తిరనాళ్లకి తీసుకెళ్లేవాడు. అతని సత్తు గ్లాసు పశువుల పాక చూరులో దోపి ఉండేది. మధ్యాహ్నం ఎండలో వచ్చి నీళ్లడిగాడు. ఇంట్లో ఎవరూ లేరు. చూరు నాకు అందలేదు. ఇంట్లో చెంబుతో ఇచ్చేశాను. అతను తీసుకోవడానికి వెనకాడాడు, నేనే బలవంతం చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు చేశాను, దేవుడికి కోపం వచ్చి ఉంటుంది అని ఒకటే వణుకు. తెల్లవారాక నాయనమ్మతో చెప్పేశాను.

"అంటే ఉత్తరం పోస్ట్ చేసేశారు" అంది.

"చేసేశాను. చెప్పాక ప్రాణం హాయిగా ఉంది కూడా."

"ఆయన్ని ఏం చేశారు?"

"కేకలేశారు. చెంబుని నిప్పుల్లో కాల్చి, చింతపండేసి తోమించారు."

"మీ మీద కోపం రాలేదా ఆయనకి?"

మర్నాడు మామూలుగానే పనిలోకి వచ్చాడు. మధ్యాహ్నం దాహమేసినప్పుడు నన్ను అడగలేదు. తనే పాకలోకి వెళ్లి చూరులోంచి గ్లాసు తీసుకున్నాడు.