జనరేటర్ మీద సౌండ్ నడిపేటప్పుడు

మైదానంలో షో అంటే నాకు మొదటి టెన్షన్ కరెంటు గురించే. ఒకసారి డ్రమ్మర్ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కొట్టిన ప్రతిసారీ స్టేజీ లైట్లు మసకబారుతుంటే చూస్తూ ఊరుకున్నాను, మూడో పాట మధ్యలో డిజిటల్ మిక్సర్ (మైకుల, వాయిద్యాల శబ్దాలన్నీ కలిపే పరికరం) ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవడం మొదలుపెట్టింది, అది లేచేదాకా పాడేవాళ్లూ వినేవాళ్లూ అలాగే నిలబడిపోయారు.

కారణం తేలికే. కిక్ లాంటి బేస్ (లోతైన శబ్దం) పడ్డ క్షణంలో యాంప్లిఫయర్లు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. మామూలు పెట్రోల్ జనరేటర్లో ఇంజిన్ 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) తిరిగితేనే కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ వస్తుంది, బరువు పడి వేగం తగ్గితే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ కిందికి జారతాయి. ఇన్వర్టర్ జనరేటర్ కరెంటుని ముందు డీసీ చేసి మళ్లీ ఏసీగా మారుస్తుంది కాబట్టి ఈ బాధ చాలా తక్కువ, కాకపోతే ఎకో మోడ్ (లోడ్ తక్కువున్నప్పుడు ఇంజిన్ వేగం తగ్గించి పెట్రోల్ మిగిల్చేది) ఆపేయాలి, లేకపోతే ఇంజిన్ వేగం అందుకునేలోపే బీట్ అయిపోతుంది. ఇప్పుడు లైట్లకి వేరే జనరేటర్ పెడతాను, మిక్సర్‌ని యూపీఎస్ మీద ఉంచుతాను.

జనరేటర్ మోత తగ్గాలంటే దూరం పెట్టాలి. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అయితే కేబుల్ కూడా లావుగా ఉండాలి, సన్నదైతే దారిలోనే వోల్టేజీ పోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. స్పీకర్లలో హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయొద్దు. ఎర్త్ లేకపోతే మైక్‌కి షాక్ రావచ్చు, గాయకుడి పెదవి తగిలేది ఆ మైక్‌కే.