సిరక్యూస్ వెండి నాణెం ఇంటికి చేరేసరికి

ఎట్టకేలకు నా నాణెం నిన్న సాయంత్రం ఇంటికి వచ్చింది. సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్‌లో సుమారు క్రీ.పూ. 470 ప్రాంతంలో ముద్రించిన వెండి టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల విలువైన గ్రీకు నాణెం. అమెరికాలో ఉంటూ పాత గ్రీకు నాణేలు సేకరించే మనవాళ్లు కొందరున్నారని నాకు తెలుసు. వాళ్లకైనా పనికొస్తుందని, దాన్ని తెచ్చిన కొరియర్ కంపెనీ మీద కోపం చల్లారకముందే జరిగిందంతా రాస్తున్నాను.

నాకీ నాణేల పిచ్చి కరీంనగర్‌లో చదువుకునే రోజుల్లోనే పట్టింది. కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల గురించి మా సోషల్ మాస్టారు చెప్పిన మాటలతో మొదలైంది. సిరక్యూస్ మీద మనసు పడింది మాత్రం అమెరికాకు వచ్చాకే. ఆర్కిమెడిస్ ఊరు అది. ఆయన కాలంలో ఏలిన రెండో హియెరాన్ కంచు నాణేలు, ఒకవైపు సముద్రదేవుడు పొసైడన్ తల, మరోవైపు త్రిశూలం ఉన్నవి, ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. నా సేకరణ వాటితోనే మొదలైంది. వాటిని ఇక్కడి డీలర్ల దగ్గరే కొన్నాను, ఏ ఇబ్బందీ రాలేదు.

టెట్రాడ్రాక్మ్ సంగతి వేరు. ఒకవైపు జలదేవత అరెథూసా ముఖం, చుట్టూ నాలుగు డాల్ఫిన్లు. ఆమె పేరుతో ఉన్న మంచినీటి ఊట సిరక్యూస్ పాత ఊరున్న ఒర్టీజియా దీవిలో సముద్రం ఒడ్డున ఇప్పటికీ ఉంది. రెండోవైపు నాలుగు గుర్రాల రథం, పైన ఎగురుతూ గుర్రాలకు దండ వేస్తున్న విజయదేవత నైకీ. రథం కింద కీటోస్ అనే సముద్ర జంతువు. క్రీ.పూ. 474లో సిరక్యూస్ ఏలిక మొదటి హియెరాన్ ఇటలీ తీరంలోని కూమే దగ్గర ఎట్రుస్కన్ల (ప్రాచీన ఇటలీ జాతి) నౌకాదళాన్ని ఓడించినందుకు గుర్తుగా దాన్ని పెట్టారని చాలామంది పండితుల మాట. పదిహేడు గ్రాముల వెండిలో ఒక నగరం తన దేవతను, తన సముద్రాన్ని, తన యుద్ధాన్ని ఇమిడ్చింది. ఇంతకంటే అందమైన డబ్బు లోకంలో ఎవరూ ముద్రించలేదని నా గట్టి నమ్మకం.

యూరప్‌లో ఒక వేలంలో నా బడ్జెట్‌కు అందే నాణెం కనిపించింది. బిడ్ వేశాను, గెలిచాను, డబ్బు పంపాను. అంతవరకూ ఏ టెన్షనూ లేదు. నకిలీదేమోనన్న భయమూ లేదు. సిరక్యూస్ టెట్రాడ్రాక్మ్‌ల అచ్చులను, అంటే నాణెం బొమ్మను కొట్టే లోహపు దిమ్మలను, ఈ తొలి కాలానికి సంబంధించినంతవరకు ఎరిక్ బోరింగర్ 1929లోనే వర్గీకరించి పెట్టాడు. నా నాణెం రెండు వైపుల అచ్చులూ ఆయన జాబితాలో ఎక్కడున్నాయో బిడ్ వేయకముందే నేనే పట్టుకున్నాను. వేలం వాళ్లు ఇచ్చిన నంబరు తప్పు. వాళ్లకు మెయిల్ రాసి దిద్దించాను కూడా.

అసలు కథ పార్శిల్ అమెరికా నేల మీద దిగాక మొదలైంది.

మొదట కస్టమ్స్ కాగితాలు చూసే కొరియర్ కంపెనీ బ్రోకర్ విభాగం నుంచి ఫోన్. ఇన్వాయిస్‌లో 'సిరక్యూస్' అని ఉంది కదా, వస్తువు న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో తయారైతే యూరప్ నుంచి ఎందుకు వస్తోందని అడిగిందావిడ. ఇది సిసిలీలోని పాత సిరక్యూస్ అని చెప్పాను. సరేనని పెట్టేసి, మర్నాడు వెండి నగల కింద నమోదు చేశామని మెయిల్ పెట్టారు. నగ కాదు, వందేళ్లు దాటిన నాణేలకు 9705.31 అని వేరే కస్టమ్స్ కోడ్ ఉంది, అది వేయండని రాశాను. ఇంకొకతను ఫోన్ చేసి, ఇది చెలామణిలో ఉన్న డబ్బా అని అడిగాడు. ఎవరికి వారే కొత్తగా మొదలుపెడతారు. ముందువాళ్లకు చెప్పింది తర్వాతివాళ్లకు తెలియదు.

ఆ తర్వాత నోటీసు వచ్చింది. ఇటలీ సాంస్కృతిక సంపద కింద పార్శిల్ ఆపామని, కాగితాలు చూపకపోతే జప్తు అవుతుందని. కవరు విప్పి చదివి మా ఆవిడ, "ఏమండీ, దొంగసొమ్మేమైనా కొన్నారా?" అంది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మా ఇంట్లో వినాల్సి వస్తుందని అనుకోలేదు.

చట్టం సంగతి నాకు ముందే తెలుసు. ఇటలీ పురావస్తువుల దిగుమతి మీద అమెరికా, ఇటలీ మధ్య 2001 నుంచి ఒప్పందం ఉంది. 2011 జనవరి 19 నుంచి అందులో నాణేలనూ చేర్చారు. దక్షిణ ఇటలీ, సిసిలీ గ్రీకు నగరాలు క్రీ.పూ. 200 ప్రాంతం వరకు ముద్రించినవన్నీ దాని కిందకు వస్తాయి. ఇటలీ ఇచ్చిన ఎగుమతి అనుమతి ఉండాలి, లేదా ఆ తేదీకి ముందే నాణెం ఇటలీ దాటిందని చూపాలి. పదేళ్ల కిందటే దాటిందని, తాను కొని ఏడాది కూడా కాలేదని కొన్నవాడు ప్రమాణపూర్వకంగా రాసిచ్చి, దానికి అమ్మినవాడి వాంగ్మూలం జతచేసే దారి కూడా ఉంది. ఇది తెలిసే, బిడ్ వేసేముందు కాగితాలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు అమ్మకందారు. తీరా అడిగితే "పాత యూరోపియన్ సేకరణ నుంచి" అని ఒక్క వాక్యం రాసి పంపాడు. ఎవరి సేకరణ? ఏ ఏడాది? ఆ వాక్యానికి పూచికపుల్ల విలువ కూడా లేదు.

ఎయిర్‌పోర్ట్ పక్కనున్న ఆ కంపెనీ కార్గో ఆఫీసుకు స్వయంగా వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నతను నోటీసు చూసి, వరుసలో ఉన్న అందరికీ వినపడేలా, "ఇది తవ్వి తీసిందా? మీ చేతికి ఎలా వచ్చింది?" అన్నాడు. వేలంలో కొన్నాను, ఇదిగో రసీదు అన్నాను. "రసీదు ఎవరైనా రాసుకోవచ్చు" అన్నాడు. వెనకున్నవాళ్లు నన్ను పైనుంచి కిందకు చూడటం తెలుస్తూనే ఉంది. సేకరణ మొదలుపెట్టిన రోజు నుంచి ప్రతి నాణెం రసీదు, ఫోటో, బరువు ఫైల్ చేసి పెట్టుకున్న మనిషిని నేను. నన్నా ఆ మాట అనేది? చేతులు వణికాయి. మాట పెగల్లేదు. కారులో కూర్చుని చాలాసేపు ఇంజన్ స్టార్ట్ చేయలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ చట్టం మీద నాకు కోపం లేదు. సిసిలీలో దొంగ తవ్వకాలు చేసినవాళ్లు మోర్గాంటినా లాంటి చోట్లను ఎలా దోచారో అందరికీ తెలుసు. అక్కడి నుంచి పోయిన దేవతా విగ్రహాన్ని అమెరికాలోని గెట్టీ మ్యూజియం 2011లో వెనక్కి ఇచ్చింది. మన దేశంలోనూ 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది, వందేళ్లు దాటిన నాణేన్ని బయటకు తీసుకుపోనివ్వదు. నేను దాన్నీ సమర్థిస్తాను. కోటిలింగాల మట్టిలోంచి పోయిన నాణెం ఎక్కడో షోకేసులో కనిపిస్తే నాకు కడుపు మండుతుంది. కానీ చట్టం అడిగేది కాగితం. మనిషిని నలుగురిలో నిలబెట్టి దొంగలా చూడమని ఏ చట్టమూ చెప్పలేదు.

2011కి ముందే నాణెం ఇటలీ బయట ఉందన్న రుజువు కోసం ఇంటికొచ్చి ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను. పాత వేలం కేటలాగులు ఇప్పుడు చాలావరకు స్కాన్ అయి ఉన్నాయి. కొత్తవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఒకే అచ్చుతో ఎన్నో నాణేలు కొట్టారు కాబట్టి అచ్చు కలిస్తే సరిపోదు, అదే నాణెమని తేలాలి. సుత్తితో చేత్తో కొట్టినవి కాబట్టి ఏ రెండు నాణేల అంచూ ఒకేలా ఉండదు. నా నాణెంలో అరెథూసా మెడ కింది డాల్ఫిన్ తోక అంచు బయటకు పోయింది. రథసారథి వెనక అంచు మీద సన్నటి చీలిక ఉంది, నైకీ రెక్క దగ్గర చిన్న నొక్కు. ఈ మూడూ కళ్లలో పెట్టుకుని పేజీలు తిప్పాను. 1970ల చివర్లో జ్యూరిక్‌లో జరిగిన ఒక వేలం కేటలాగ్‌లో, నలుపు తెలుపు ఫోటోల మధ్య, అదే తెగిన తోక, అదే చీలిక, అదే నొక్కు. బరువు కూడా గ్రాములో వందో వంతు తేడా లేకుండా కలిసింది. అర్ధరాత్రి మా ఆవిడను లేపి చూపించాను.

పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, కలిసిన చోట్ల ఎర్ర గుర్తులు వేసి, నా ప్రమాణ పత్రం జత చేశాను. డబ్బు వాపసు అడుగుతానని గట్టిగా రాశాక అమ్మకందారు కూడా సంతకం పెట్టిన వాంగ్మూలం పంపాడు. కాగితాలు కస్టమ్స్ అధికారికి చేరాక ఆవిడ మర్యాదగా మాట్లాడి, ఒక్క ప్రశ్న అడిగి వదిలేసింది. కొరియర్ వాళ్లు మాత్రం నిల్వ ఖర్చంటూ బిల్లు వేశారు. కట్టాను, కానీ ఫిర్యాదు కూడా రాశాను.

మీరు కొనేటప్పుడు ఆ నాణెం గతంలో అమ్ముడైన వేలం పేరు, తేదీ, లాట్ నంబరు (వేలంలో దాని వరుస సంఖ్య) ఇన్వాయిస్ మీదే రాయించుకోండి. 'పాత సేకరణ' అన్న మాటకు డబ్బు కట్టకండి. ఇబ్బంది తప్పుతుందని మూల దేశం జర్మనీ అనో స్విట్జర్లాండ్ అనో రాస్తామని కొందరు అమ్మకందారులు అంటారు, ఒప్పుకోకండి. కస్టమ్స్‌కు అబద్ధం చెప్పడం నేరం, ఇరుక్కునేది మీరే. మొదటిసారి కొనేవాళ్లు అమెరికాలోనే ఉన్న నాణెం కొనడం మంచిది. నాలుగు డబ్బులు ఎక్కువైనా పరవాలేదు.

ఇప్పుడు నా కన్ను సిరక్యూస్ లిట్రా మీద ఉంది. ఒక గ్రాము కూడా తూగని వెండి బిళ్ల, ఒకవైపు అరెథూసా, మరోవైపు ఎనిమిది కాళ్లు విప్పుకున్న ఆక్టోపస్. ఈసారి అమ్మేది వేరే డీలర్, ఆవిడ అడగ్గానే 1990ల నాటి వేలం పేజీ స్కాన్ చేసి పంపింది. అంచులు పోల్చి చూశాను, కలిసింది. వచ్చే వారం బిడ్ వేస్తున్నాను.